నృత్య వారసత్వం: జాబితాలో పేరు చేరితే ఆట నిలుస్తుందా?

సంక్షిప్తంగా: యునెస్కో జాబితాలో చోటు ఒక నృత్యానికి గుర్తింపునిస్తుంది గానీ దాన్ని కాపాడే పని స్వయంగా చేయదు. నృత్యం నిలవాలంటే నేర్పేవారు, నేర్చేవారు, ఆడవలసిన సందర్భం, చూసి అర్థం చేసుకునే ప్రేక్షకులు, ఆట మీద బతికే వీలు అన్నీ కలిసి ఉండాలి. ఒక్కో నృత్యంలో ఒక్కో లంకె తెగుతోంది కాబట్టి, అన్నిటికీ ఒకే చికిత్స చేయడం వల్ల ఫలితం ఉండటం లేదు. పేరిణి, చిందు, కూచిపూడి, గుస్సాడీల అనుభవాన్ని ఇతర ప్రాంతాల అనుభవంతో పోల్చి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2025 డిసెంబరులో ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన యునెస్కో సమావేశం దీపావళిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ (కట్టడంగా కాక ఆచారంగా, కళగా బతికే వారసత్వ) జాబితాలో చేర్చింది. దాంతో ఆ జాబితాలో భారతదేశం తరఫున ఉన్న అంశాలు 16కు చేరాయి. వాటిలో ఆటపాటలకు సంబంధించినవి తక్కువేమీ కావు. కేరళ కూడియాట్టం, ముడియేట్టు, రాజస్థాన్ కాల్బేలియా, తూర్పు రాష్ట్రాల ఛౌ, గుజరాత్ గర్బా అందులో ఉన్నాయి. మణిపుర్ సంకీర్తనలోనూ నర్తనం ఒక భాగం. తెలుగు నేలకు ప్రత్యేకమైన నృత్యం మాత్రం ఒక్కటీ లేదు. కూచిపూడి ఎందుకు లేదు, పేరిణి ఎందుకు లేదు, గుస్సాడీని ఎందుకు పంపలేదు అనే ప్రశ్నలు ఈ నేపథ్యంలో వినిపించడం సహజమే. అయితే ఆ ప్రశ్నల వెనుక ఒక ఊహ దాగి ఉంది. జాబితాలో పేరు ఎక్కగానే రక్షణ మొదలవుతుందనే ఆ ఊహ ఎంతవరకు నిజమో ముందుగా చూడాలి.

ఒప్పందం చెప్పేది, చెప్పనిది

అమూర్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ ఒప్పందాన్ని యునెస్కో 2003 అక్టోబరు 17న ఆమోదించింది. భారతదేశం 2005లో దాన్ని ధ్రువీకరించింది. 2006 ఏప్రిల్‌లో అది అమలులోకి వచ్చింది. ఇప్పుడు 180కి పైగా దేశాలు అందులో భాగస్వాములు. కట్టడాలకూ ప్రకృతి స్థలాలకూ వర్తించే 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒప్పందానికీ దీనికీ మూలంలోనే తేడా ఉంది. ఒక గుడిని ఆ పాత ఒప్పందం కింద గుర్తించాలంటే దానికి ప్రపంచంలోనే అసాధారణమైన విలువ ఉందని రుజువు చేయాలి. కొత్త ఒప్పందంలో ఆ పోటీ లేదు. ఒక సమాజం తన వారసత్వంగా భావించే ఆచారం, తరం నుంచి తరానికి అందుతున్నది, కాలానికి తగ్గట్టు మళ్ళీ మళ్ళీ రూపుదిద్దుకుంటున్నది అయితే చాలు. కాబట్టి జాబితాలో ఉన్న నృత్యం గొప్పదనీ లేనిది తక్కువదనీ అర్థం తీయడానికి వీలు లేదు.

ఈ ఒప్పందం కింద ఉన్న జాబితా కూడా ఒక్కటి కాదు. అంతరించే ప్రమాదంలో ఉన్న వాటికి అత్యవసర పరిరక్షణ జాబితా, మానవ వైవిధ్యాన్ని చాటేందుకు ప్రాతినిధ్య జాబితా, మంచి పరిరక్షణ పద్ధతులకు ఒక పట్టిక వేర్వేరుగా ఉన్నాయి. భారతదేశపు 16 అంశాలూ ప్రాతినిధ్య జాబితాలోనివే. కోట్ల మంది చేసుకునే పండుగ అందులో చేరడం నిబంధనలకు విరుద్ధం కాదు. ఆ జాబితా ఉద్దేశం గుర్తింపే తప్ప ప్రాణరక్షణ కాదు. పైగా ప్రతిపాదనలను పరిశీలించే సామర్థ్యానికి పరిమితి ఉండటం వల్ల ఒక్కో దేశానికి దాదాపు రెండేళ్ళకు ఒక్క అవకాశమే వస్తుంది. 2021లో కోల్‌కతా దుర్గాపూజ, 2023లో గర్బా, 2025లో దీపావళి వచ్చిన క్రమం చూస్తే ఆ వరుస ఎంత నెమ్మదిగా కదులుతుందో తెలుస్తుంది. చేరినంత మాత్రాన నిధులు వాటంతట అవే రావు. పరిరక్షణ బాధ్యత ప్రధానంగా ఆయా దేశానిదీ, ఆ కళను మోస్తున్న సమాజానిదీ అని ఒప్పందమే చెబుతుంది.

తమ భూభాగంలోని వారసత్వ వివరాలను ఆ సమాజాల భాగస్వామ్యంతో నమోదు చేసి, ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలన్న నిబంధన ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది. వార్తల్లో అన్నిటికన్నా తక్కువగా వినిపించేదీ అదే.

రాయి నిలిచింది, ఆట ఆగింది

మూర్త వారసత్వానికీ అమూర్త వారసత్వానికీ ఉన్న తేడాను ములుగు జిల్లా పాలంపేటలో ఒకే చోట చూడవచ్చు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయం, జనం పిలిచే రామప్ప గుడి, 2021 జులైలో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఆ గుడి స్తంభాల మీద, దూలాల మీద నర్తకుల, మద్దెలగాళ్ళ శిల్పాలు ఎనిమిది వందల ఏళ్ళుగా కదలకుండా ఉన్నాయి. కాకతీయ గణపతిదేవుని గజసేనానాయకుడు జాయప 13వ శతాబ్ది మధ్యలో సంస్కృతంలో రాసిన ‘నృత్తరత్నావళి’ ఎనిమిది అధ్యాయాల గ్రంథం. మొదటి నాలుగు మార్గ (శాస్త్రబద్ధ) సంప్రదాయానికీ, తక్కిన నాలుగు దేశి (ప్రాంతీయ) సంప్రదాయానికీ చెందినవి. పేరణి (నేటి వాడుకలో పేరిణి) అనే నృత్తాన్ని అది వివరిస్తుంది. అంటే శిల్పం మిగిలింది, శాస్త్రం మిగిలింది, ఆడే మనిషి మాత్రం మిగల్లేదు. కాకతీయ రాజ్యంతో పాటు దాన్ని పోషించిన ఏర్పాటూ పోవడంతో ఆ గొలుసు తెగింది.

20వ శతాబ్దిలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ శిల్పాలనూ పక్కపక్కన పెట్టి పరిశోధించి, పేరిణి శివతాండవాన్ని పునర్నిర్మించారు. ఈనాడు వేదికల మీద కనిపిస్తున్న పేరిణి ఆ కృషి ఫలితమే. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. శిల్పం ఒక భంగిమను చూపుతుంది. ఆ భంగిమలోకి ఎలా వచ్చారో, దాని నుంచి ఎలా కదిలారో చూపదు. గ్రంథం అడుగు పేరు చెబుతుంది. ఆ అడుగు వేసేటప్పుడు ఊపిరి ఎక్కడ బిగపట్టాలో చెప్పదు. ఆ ఖాళీలను పునర్నిర్మాత తన కాలపు నాట్యజ్ఞానంతో పూరించక తప్పదు. కాబట్టి దాన్ని 13వ శతాబ్ది నృత్యం యథాతథంగా తిరిగి వచ్చినట్లుగా కాక, ఆ నృత్యానికి ఆధునిక వారసుడుగా చూడటం సమంజసం. దాని విలువ ఇందువల్ల ఏమాత్రం తగ్గదు. శిష్యుల తరాలు దాటుతున్న కొద్దీ అదీ సజీవ సంప్రదాయమే అవుతుంది. తెగిన గొలుసును అతికించడానికి ఒక మనిషి జీవితకాలం పట్టిందన్నది మాత్రం గుర్తుంచుకోవలసిన లెక్క.

తెగేది ఎక్కడ?

నృత్యాలు అంతరించడానికి టీవీ, సినిమా, సెల్‌ఫోన్ కారణమని చెప్పడం పరిపాటి. ఆ మాటలో నిజం కొంత ఉన్నా, అసలు కారణం చాలా సందర్భాల్లో ఆట కింద ఉన్న ఆర్థిక, సామాజిక ఏర్పాటు కదిలిపోవడమే.

తెలంగాణలోని చిందు భాగోతాన్ని తీసుకుంటే ఈ సంగతి స్పష్టమవుతుంది. చిందు కళాకారులు మాదిగలకు ఆశ్రిత కులంగా ఉంటూ, జాంబపురాణం చెబుతూ, యక్షగానాలు ఆడుతూ వచ్చారు. ఏ ఊళ్ళు ఏ మేళానివి అన్నది మిరాసీ హక్కుగా పంచుకొనేవారు. ఆ హక్కు ఉన్న మేళం ఊళ్ళోకి వస్తే పోషక కుటుంబాలు ఇవ్వవలసింది ఇచ్చేవి. తోలు పని కూలిపోయి, పోషక కుటుంబాలు వలస బాట పట్టాక ఆ హక్కు కాగితానికి కూడా పనికిరానిదైంది. చిందుల ఎల్లమ్మ వంటి మహానటి పేరు రాష్ట్రమంతా తెలియడం, 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ రావడం ఆ కళకు దక్కిన గౌరవాలు. పురస్కారం వ్యక్తిని చేరుతుంది. మేళంలో మద్దెల వాయించేవారికీ, వంత పాడేవారికీ ఆ ఏడాది ఎన్ని ఆటలు దొరికాయన్నది వేరే ప్రశ్నగానే మిగులుతుంది. మేళం అంటే పది పదిహేను మంది కలిసి తిరగగలిగే ఏర్పాటు. అందులో హార్మోనియం పెట్టె మోసే మనిషి పట్నంలో కూలికి కుదిరితే ఆట ఆగుతుంది.

ఇందుకు భిన్నమైన దారి కాల్బేలియాలది. పాములు పట్టి ఆడించడం వారి వృత్తి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వృత్తిని మూసివేసింది. అప్పటిదాకా పెళ్ళిళ్ళలో, హోలీలో తమలో తాము ఆడుకున్న నృత్యమే వారికి బతుకుతెరువు అయింది. పర్యాటకులు ఉన్న రాష్ట్రంలో అది సాధ్యపడింది. అంటే ఒక చట్టం ఒక వృత్తిని ఆపి, పరోక్షంగా ఒక నృత్యాన్ని వేదిక ఎక్కించింది. సరాయ్‌కెలా, మయూర్‌భంజ్ ఛౌలకు వచ్చిన దెబ్బ మరో రకం: స్వాతంత్ర్యానంతరం సంస్థానాలు విలీనం కాగానే రాజపోషణ పోయింది. గ్రామీణుల చేతుల్లో పెరిగిన పురూలియా ఛౌకు ఆ దెబ్బ అంతగా తగలలేదు.

కూచిపూడి, మేలట్టూరు: ఒకే వేరు, రెండు దారులు

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి అగ్రహారం ఆటను ప్రపంచానికి ఇచ్చింది. వేదాంతం, చింతా, పసుమర్తి, భాగవతుల, వెంపటి మొదలైన ఇళ్ళ మగవారు మేళాలు కట్టి ఊరూరా తిరిగేవారు. రాత్రి మొదలైన ఆట తెల్లవారేదాకా సాగేది. భామాకలాపంలో తెర మీదుగా జడ వేయడం అలంకారం కాదు, సవాలు: సభలో తనను మించిన విద్వాంసుడు ఉంటే వచ్చి గెలవవచ్చని దాని అర్థం. భామకూ, ఆమె చెలికత్తె మాధవికీ మధ్య సంభాషణ ఎంతసేపు సాగాలో, ఏ చమత్కారం ఎక్కడ పడాలో ఆ రాత్రి సభను బట్టి తేలేది. వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీవేషం ఈ సంప్రదాయపు చివరి మహా శిఖరాల్లో ఒకటి.

20వ శతాబ్దిలో ఆ రూపం మారింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఏకపాత్ర నృత్యాన్ని తీర్చిదిద్ది, స్త్రీలకు నేర్పి, కులానికీ లింగానికీ ఉన్న కట్టును సడలించారు. 1958లో ఢిల్లీలో జరిగిన అఖిల భారత నృత్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయత చర్చకు వచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాదులో జరిగిన సదస్సు దానికి సమాధానంగా నిలిచింది. శాస్త్రీయతను రుజువు చేయవలసిన అవసరం కలిగినప్పుడు అడవు, చారి, కరణం వంటి శాస్త్రోక్తమైన కదలికలు ముందుకు వస్తాయి. హాస్యం, వాచికం (మాటలతో చేసే అభినయం), ఊరి సభతో సరదా పోటీ వెనక్కి వెళ్తాయి. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ నుంచి వచ్చిన నృత్యనాటకాలు ఆ కళకు మెరుగు దిద్దాయి, వేలాది మందిని చేర్చాయి. ఈనాడు డాలస్‌లో, సిడ్నీలో రంగప్రవేశం చేస్తున్న అమ్మాయికి కూచిపూడి తన భాషతో మిగిలిన బంధాల్లో ఒకటి. ఆ వ్యాప్తి లేకపోతే ఈ కళ ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

పోయింది కూడా తక్కువేమీ కాదు. రాత్రంతా సాగే కలాపం, పాడుతూ మాట్లాడుతూ ఆడే నటుడు, సూత్రధారుని వాక్చాతుర్యం, గొల్లకలాపంలోని వేదాంత చర్చ అరుదైపోయాయి. 2016 డిసెంబరులో విజయవాడలో ఆరు వేల మందికి పైగా ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు నెలకొల్పిన ప్రదర్శన కూచిపూడి ఎంత విస్తరించిందో చూపింది. అయితే ఆరు వేల మంది కలిసి ఆడగలిగేది ముందే నిర్ణయించిన అంశాన్ని మాత్రమే. సభను చూసి అప్పటికప్పుడు మాట అల్లడం అలాంటి చోట కుదరదు. లెక్క పెట్టగలిగినదే పెరుగుతుందన్న ప్రమాదం ఇక్కడ ఉంది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది తంజావూరు సమీపంలోని మేలట్టూరు. తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు ఇచ్చిన ఊరు అది. మేలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు యక్షగానాలను అక్కడి మగవారు నేటికీ నరసింహ జయంతి ఉత్సవాల్లో వరదరాజ పెరుమాళ్ సన్నిధి ముందు రాత్రివేళ ఆడతారు. ఆడేవారిలో చాలామంది వేరే ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకొంటూ ఆ రోజులకు ఊరు చేరతారు. సందర్భం అక్కడ చెక్కుచెదరలేదు. ఆట ఆ ఊరి దేవునికి చెల్లించే మొక్కు. చూసేవారిలో ఎక్కువ మందికి ఆ తెలుగు అర్థం కాదు. కూచిపూడి సందర్భాన్ని వదిలి ప్రపంచాన్ని గెలుచుకుంది. మేలట్టూరు ప్రేక్షకుని భాషను కోల్పోయినా సందర్భాన్ని పట్టుకుంది. ఏది బాగా కాపాడబడిందని అడిగితే ఒక్క మాటలో జవాబు రాదు. ఒకదానికి రాత్రంతా కూర్చునే సభ కావాలి, మరొకదానికి ఆ తెలుగు పదాలను తలకెక్కించుకునే శ్రోత కావాలి. రెండింటికీ ఒకే గ్రాంటు, ఒకే ఉత్సవం ఇచ్చి ప్రయోజనం లేదు.

ఏది నిలపాలి, ఏది వదలాలి

పరిరక్షణ అంటే ఉన్నదంతా ఉన్నట్టే నిలపడం కాదని ఒప్పందమే చెబుతుంది: మానవ హక్కులకు అనుగుణమైన వారసత్వాన్నే అది పరిగణిస్తుంది. తెలుగునాట ఈ నిబంధన అర్థం కావాలంటే తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతుల స్త్రీల చరిత్ర చూడాలి. గుడిలో, దర్బారులో, పెళ్ళి మేజువాణీలో వారు ఆడిన ఆటలో క్షేత్రయ్య పదాభినయం పండింది. దేవదాసీ వ్యవస్థలోని దోపిడీని ఆపడానికి మద్రాసు రాష్ట్రం 1947లో, ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టాలు చేశాయి. ఆ చట్టాలు అవసరమైనవి. కానీ సంఘసంస్కరణ కాలంలో వ్యవస్థనూ విద్యనూ వేరు చేసి చూసే ఓపిక సమాజానికి లేకపోయింది. ఆడపిల్లలకు ఆ విద్య నేర్పడమే అవమానమైపోయింది. చాలా ఇళ్ళు గజ్జెలు కట్టిపెట్టాయి. సరిదె మాణిక్యమ్మ వంటి కొద్దిమంది దగ్గర మిగిలిన దాన్ని నటరాజ రామకృష్ణ వంటివారు వెతికి నేర్చుకుని ఆంధ్రనాట్యం పేరుతో నిలబెట్టారు. విద్య దక్కింది. దాన్ని శతాబ్దాలు మోసిన ఇళ్ళ ఆడపిల్లలు ఆ వేదికల మీద ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న మాత్రం పరిరక్షణ చర్చల్లో ఇంకా గట్టిగా అడగవలసిందే.

వీడియో, చట్టం, శిక్షణ

ప్రభుత్వాలకు సులువుగా తోచే మార్గం చిత్రీకరణ. అది తప్పకుండా చేయవలసిందే. కానీ కెమెరా ఒక రాత్రి ఒక మనిషి ఆడిన ఒక ఆటను పడుతుంది. శిష్యుని తప్పును గురువు ఎలా దిద్దాడో, వద్దని వదిలేసిన నాలుగు ప్రత్యామ్నాయాలు ఏమిటో పట్టదు. పాఠం చెప్పే గంటలను చిత్రీకరిస్తే ప్రదర్శనను చిత్రీకరించిన దానికన్నా ఎక్కువ మిగులుతుంది. చట్టపరంగా చూసినా సంప్రదాయ నృత్యానికి రక్షణ పలుచన. భౌగోళిక గుర్తింపు (జీఐ) వస్తువులకే వర్తిస్తుంది కాబట్టి పురూలియా ఛౌ ముఖతొడుగుకు అది దక్కింది, ఛౌ ఆటకు దక్కే వీలు లేదు. కాపీరైటు కొత్తగా కూర్చిన నృత్యరచనకు ఉంటుంది. ఒక జాతి ఉమ్మడిగా తరతరాలుగా ఆడుతున్న దానికి ఉండదు.

శిక్షణ విషయంలో దక్షిణ కొరియా అనుభవం ఉపయోగపడుతుంది. 1962 చట్టంతో ఆ దేశం కళను మోసే వ్యక్తులను గుర్తించి, నెలవారీ భృతి ఇచ్చి, శిష్యులకు నేర్పడాన్ని బాధ్యతగా పెట్టింది. చాలా కళలు ఆ విధంగా బతికాయి. అయితే ‘మూలరూపం’ చెదరకూడదన్న నియమం వల్ల ఒక గురువు బాణీయే ప్రమాణమై, తక్కిన బాణీలు నీరసించాయన్న విమర్శ వచ్చింది. 2016లో అమలులోకి వచ్చిన కొత్త చట్టం ఆ మాటను వదిలి, మార్పుకు చోటిచ్చే పదాన్ని తీసుకుంది. కంబోడియాది ఇంకా కఠినమైన పాఠం. 1975–79 మధ్య ఖ్మేర్ రూజ్ పాలనలో రాజాస్థాన నర్తకుల్లో అధికులు చనిపోయారు. బతికి బయటపడ్డ కొద్దిమంది తమ ఒంట్లో మిగిలిన జ్ఞాపకం నుంచే ఆ నృత్యాన్ని మళ్ళీ నేర్పారు. కేరళ కళామండలం 1965లో కూడియాట్టాన్ని పాఠ్యాంశంగా పెట్టి, దాన్ని వంశపారంపర్యంగా ఆడే చాక్యార్ కుటుంబాల బయటివారికి తలుపు తీయడం ముందుచూపు. 2001లో యునెస్కో గుర్తింపు వచ్చేనాటికే అక్కడ నేర్చిన తరం తయారై ఉంది.

గుస్సాడీ ముందున్న ప్రశ్న

ఆదిలాబాద్ గోండుల గుస్సాడీకి సందర్భం ఇంకా బలంగా ఉంది. దీపావళికి ముందు దండారీ అనే నృత్య బృందాలు డోలు, తుడుం, పెప్రె వాద్యాలు మోగిస్తూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి విడిదికి వెళ్తాయి. వచ్చినవారికి ఆతిథ్యం ఇవ్వడం, బంధుత్వాలు కలుపుకోవడం అందులో భాగం. నెమలి ఈకల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకున్న గుస్సాడీలు ఆ రోజుల్లో దీక్షలో ఉంటారు. దీపావళి తర్వాత కోలబోడి అనే క్రతువుతో అది ముగుస్తుంది. వారికి అది వేషం కాదు, దేవత రాక. మర్లవాయికి చెందిన కనకరాజు ఈ ఆటను ఎందరికో నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకుని, 2024 అక్టోబరులో కన్నుమూశారు.

ఇప్పుడు గుస్సాడీని సభల్లో, ప్రభుత్వ స్వాగత కార్యక్రమాల్లో ఏడాది పొడుగునా ఆడిస్తున్నారు. అది కొందరికి ఆదాయం, జాతికి గుర్తింపు. అదే సమయంలో దీక్ష లేని రోజున ఆ టోపీ పెట్టవచ్చా, ఏ భాగం వేదికకు, ఏ భాగం ఊరికి అన్నది తేల్చవలసినవారు గోండు పెద్దలే. నెమలి ఈకల టోపీ కట్టగలిగేవారు ఎన్ని ఊళ్ళలో ఉన్నారు, పెప్రె ఊదే కుర్రవాళ్ళు ఎందరు, పండుగకు చదువుల నుంచీ పనుల నుంచీ ఊరికి రాగలిగేవారు ఎంతమంది అన్నది ఊరూరా వారి చేతే రాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఒప్పందం అడిగే నమోదు అదే; తెగబోయే లంకె ముందుగా కనబడేదీ ఆ పట్టికలోనే. గుస్సాడీకి అది ఇప్పుడు, ఆటకు సందర్భమూ ఆడే కాళ్ళూ రెండూ ఉన్నప్పుడే, చేయవచ్చు. పేరిణికి ఆ అవకాశం దొరకలేదు.